మూడు నిమిషాలకి వంద చుట్లు తిరగాలండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో గ్రామఫోన్ రికార్డులు మళ్లీ వస్తున్నాయని రెండు పేజీలు వేశారు, ఫోటోలు చాలా బాగున్నాయి, నేను రెండుసార్లు చదివాను. మా కాకినాడలో రికార్డులు వినేవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటాం కాబట్టి మా సంగతి పేపర్లో రావటమే మాకు పండగ. కానీ చదివాక మనసు కుదుట పడలేదు, అందుకే రాస్తున్నా. ఉత్తరం కాస్త పొడుగ్గా ఉంది, కత్తిరించాల్సి వస్తే జాజ్ అనే అమెరికా సంగీతం గురించి రాసింది కత్తిరించండి గానీ రికార్డు మీద ఆనే ముల్లు గురించి, మోటారు గురించి రాసింది మాత్రం దయచేసి ఉంచండి.

ఆ వ్యాసంలో పేజీ మధ్యలో ఒక సూట్‌కేసు ప్లేయర్ ఫోటో వేసి, ఏ రికార్డైనా దీని మీద పెట్టుకోవచ్చు, 33, 45, 78 (నిమిషానికి తిరిగే చుట్లు) మూడు స్పీడులూ ఉన్నాయి, అటక మీదున్న తాతగారి ప్లేట్లు దించి దుమ్ము దులిపి వినండి అని రాశారు. ఇంకో చోట జాజ్ గీజ్ లాంటివి డబ్బున్నోళ్ల విదేశీ మోజు అన్నట్టు ఒక ముక్క ఉంది. రెండో దానికి నాకు బాధ మాత్రమే కలిగింది, మొదటి దానికి మాత్రం భయమేసింది, ఎందుకంటే అది చదివి జనం నిజంగానే అలా చేస్తారు, మా పక్కింట్లో ఆల్రెడీ జరిగింది.

మా పక్కింటమ్మాయి ఇంటర్ చదువుతోంది, పాటలంటే ప్రాణం. ఆర్నెల్ల క్రితం పుట్టినరోజుకి అలాంటి ప్లేయరే కొనిపించుకుంది, ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. వాళ్ల ముత్తాతగారు నాటకాల పిచ్చోడట, ఇంట్లో ఇరవై దాకా పద్యాల ప్లేట్లు ఉన్నాయి, అవన్నీ 78 స్పీడువి. నెలరోజులు రోజూ అవే వేసింది, గరగర తప్ప ఏం వినపడట్లేదు తాతయ్యా అని నాకు చెప్తే పాతవి కదమ్మా అరిగిపోయుంటాయిలే అన్నాను, వెళ్లి చూసుండాల్సింది, చూడలేదు. ఆ తర్వాత అదే ముల్లుతో వాళ్ల నాన్న దాచుకున్న ఎల్పీలు, అంటే 33 స్పీడు ప్లాస్టిక్ రికార్డులు, వేసింది. ఒక రోజు ఆ ఎల్పీ పట్టుకుని మా ఇంటికొచ్చింది, మా సెట్టు మీద వేసి చూస్తే గొంతు ఉంది గానీ స, శ లాంటి అక్షరాలొచ్చిన ప్రతి చోటా సర్ర్ సర్ర్ అని చీలిపోతోంది, తాళాల మోత మొత్తం పోయింది. అది ఇక తిరిగి రాదండి, ఎంత కడిగినా రాదు, పాట ఉండే గాడి గోడలు చెక్కేసి ఉన్నాయి. ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.

ఏం జరిగిందో చెప్తాను. పాత 78 ప్లేట్లు లక్కతో చేసేవాళ్లు, అందులో రాతి పొడి కలిపేవాళ్లు. ఆ రోజుల్లో వాడింది ఉక్కు ముళ్లు, అవి చిన్న రేకు డబ్బాల్లో వచ్చేవి, మా నాయనమ్మ వాళ్లింట్లో కూడా ఉండేవి, ఒక్కో వైపు అయిపోగానే ముల్లు మార్చేసేవాళ్లు. ప్లేటు అరక్కుండా ముల్లే అరిగి గాడికి తగ్గట్టు అయ్యేలా చేసిన ఏర్పాటు అది. వాటి గాడి వెడల్పుగా ఉంటుంది, దానికి కావాల్సిన ముల్లు కొస గుండ్రం (వ్యాసార్ధం) సుమారు 0.075 మిల్లీమీటర్లు. ఎల్పీకి వాడే ముల్లు కొస 0.018 మిల్లీమీటర్లు, అంటే నాలుగో వంతు. ఈ సన్న ముల్లుని ఆ పెద్ద గాడిలో వేస్తే అది గోడలకి ఆనదు, అడుగున చెత్తలో పడి దొర్లుతుంది, అందుకే గరగర. ఆ రాతి పొడి మీద నెలరోజులు రుద్దితే ముల్లు కొస ఉలిలాగా అయిపోతుంది, పైగా ఈ సూట్‌కేసు ప్లేయర్లలో చాలావాటికి సఫైర్ ముల్లు, వజ్రం కాదు, ఇంకా తొందరగా అరుగుతుంది. ఇక బరువు చూస్తే, మంచి కార్ట్రిడ్జ్, అంటే ముల్లుని పట్టుకునే ముక్క, ఒకటిన్నర రెండు గ్రాముల బరువుతో రికార్డు మీద ఆనుతుంది, వీటిల్లో సిరామిక్ కార్ట్రిడ్జ్ ఐదారు గ్రాములు మోపుతుంది, ఆ బరువు తగ్గించుకోవటానికి వెనక తిప్పే వెయిటు కూడా ఉండదు. ఉలి, దాని మీద ఐదు గ్రాములు, కింద మెత్తటి ప్లాస్టిక్, ఇంకేం మిగులుతుంది చెప్పండి. మూడు స్పీడులున్నంత మాత్రాన మూడు రకాల ప్లేట్లూ వేయమని కాదు, 78కి ముల్లు వేరే కొనాలి, లేదంటే అసలు వేయకూడదు, వ్యాసంలో ఈ ఒక్క వాక్యం ఉంటే ఎంత బాగుండేది.

ఇప్పుడు మోటారు సంగతి, ఇది నా అనుభవమే. నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను, మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది, చాలామందిలాగే నేనూ మా ఆవిడా ఆర్నెల్లు వెళ్లొచ్చాం. అక్కడ వాళ్ల వీధిలో ఒక పెద్దాయన, ఎనభై దాటాయి, ఇల్లు ఖాళీ చేస్తూ గ్యారేజ్ సేల్ పెట్టాడు. పాత కుర్చీలు, గిన్నెల మధ్యలో ఒక 1970ల నాటి జపాన్ బెల్ట్ డ్రైవ్ (మోటారు బెల్టుతో తిప్పే రకం) టర్న్‌టేబులు, ఒక అట్టపెట్టె నిండా జాజ్ రికార్డులు. నాకు జాజ్ అంటే ఏంటో తెలీదు, చిన్నప్పుడు బావగారింట్లో ఎల్పీలు విన్న ఇష్టం కొద్దీ టర్న్‌టేబులు అడిగితే రెండూ కలిపి 40 డాలర్లకి ఇచ్చేశాడు, ఆ రికార్డులు పారేయకు అని మాత్రం రెండు మూడు సార్లు చెప్పాడు. రికార్డు పెట్టే పళ్లెం విడదీసి మా ఆవిడ చీరల్లో చుట్టి తెచ్చాం, చుక్క గీత పడలేదు.

ఇక్కడ 230 ఓల్టులు కదా, అమెరికా సెట్టుకి అంత పనికిరాదు, ఓల్టేజి తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని పెట్టాను, తిరిగింది, పాట వచ్చింది, సంతోషం. దాదాపు ఐదు నెలలు రోజూ రాత్రి భోజనం అయ్యాక ఒక వైపు వినేవాణ్ణి. సాక్సాఫోన్ బరువుగా, మత్తుగా ఉండేది, జాజ్ అంటే ఇలా నిద్రపుచ్చే సంగీతం కాబోలు, ఆ పెద్దాయనకి నచ్చింది మనకి నచ్చాలని ఏముంది అనుకునేవాణ్ణి. ఒకసారి బావగారింటి నుంచి ఘంటసాల గారి ఎల్పీ తెచ్చి వేశాను, రెండు క్షణాల్లో చెయ్యి వణికిందండి, ఆ గొంతు ఆయనది కాదు! ఎవరో జబ్బుపడ్డ మనిషి పాడుతున్నట్టు ఉంది. యాభై ఏళ్లుగా వింటున్న గొంతు కదా, చెవికి వెంటనే తెలిసిపోయింది, జాజ్ అయితే తెలీదు కాబట్టి ఐదు నెలలు తప్పునే ఒప్పనుకున్నాను.

బెల్టు సాగిందేమో అనుకుని మోటార్ వైండింగ్ షాపతని దగ్గరికి పట్టుకెళ్లాను. అతను మోటారు మీద చీటీ చూసి ఒక్క మాటలో తేల్చేశాడు, "ఇది 60 సైకిల్స్ మోటారండి, మన లైనేమో 50, ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఓల్టేజి తగ్గుద్ది గానీ సైకిల్స్ మారవు గదండి" అన్నాడు. సైకిల్స్ అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, అమెరికాలో 60. ఆ రకం మోటారు కరెంటు సైకిల్స్‌ని బట్టే తిరుగుతుంది, ఇంకో లెక్క ఉండదు. ఇంటికొచ్చి రికార్డు అంచు మీద చిన్న కాయితం ముక్క అంటించి గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను. ఎల్పీ నిమిషానికి 33 చుట్లూ ఇంకో మూడో వంతు తిరగాలి, అంటే మూడు నిమిషాలకి సరిగ్గా 100. నాకొచ్చింది 83. హార్మోనియం మీద చూస్తే మూడు మెట్లు కిందకి, పాట ఆరో వంతు నెమ్మది.

తర్వాత లేత్ షాపుకెళ్లి మోటారుకుండే పుల్లీని ఇత్తడితో కొత్తది చేయించాను, పాతదానికి ఒకటింబావుకి కాస్త తక్కువ, అంటే 1.2 రెట్లు లావు. పెట్టి లెక్కపెడితే 99 చుట్లు, వందో చుట్టు పూర్తి కాలేదు. బెల్టు మందం లెక్కలోకి తీసుకోలేదని అప్పుడు తట్టింది, రెండోది వెంట్రుకవాసి లావుగా చేయించాం, అప్పుడు సరిగ్గా 100 వచ్చింది. లేత్ కుర్రాడు కూడా పక్కనే నిలబడి లెక్కపెట్టాడు, డబ్బులు ఒక్క పుల్లీకే తీసుకున్నాడు. అమెరికా నుంచి మనవాళ్లు పాత టర్న్‌టేబుళ్లు మోసుకొస్తూనే ఉన్నారు, హైదరాబాద్‌లో, విజయవాడలో ఎంతమంది ఇలా 83 చుట్ల మీద వింటున్నారో అనిపిస్తుంది. అన్నిటికీ ఈ బాధ లేదు, డీసీ మోటారు ఉన్నవాటికి, టెక్నిక్స్ వాళ్లు 1970లో మొదలుపెట్టిన డైరెక్ట్ డ్రైవ్ (బెల్టు లేకుండా మోటారే పళ్లేన్ని తిప్పే) రకానికి సైకిల్స్‌తో పని లేదు, ఓల్టేజి ఒక్కటి చూసుకుంటే చాలు. ఎటొచ్చీ పాత బెల్ట్ డ్రైవ్‌లు, రబ్బరు చక్రంతో తిరిగేవి చూసుకుని తెచ్చుకోవాలి.

ఆ రాత్రి మళ్లీ ఆ అట్టపెట్టెలో రికార్డే వేశాను, ట్రంపెట్టు వాయించే మైల్స్ డేవిస్‌ది. ఎలా చెప్పాలి, అదే రికార్డు, అదే గది. వెనకాల తాళం పళ్లెం మోత ఇంతకు ముందు మూత జారిపడ్డట్టు ఉండేది, ఇప్పుడు రేకుల షెడ్డు మీద సన్న చినుకులు పడ్డట్టు ఉంది, లావు తీగల బేస్ అడుగులో అడుగు వేస్తూ నడుస్తోంది, సాక్సాఫోన్ ఆయన ఊపిరి తీసుకోవటం తెలుస్తోంది. నిద్రపుచ్చే సంగీతం కాదండి అది, నలుగురు కూర్చుని ఒకరి మాట ఒకరు అందుకుంటూ పంతంగా కబుర్లాడుకోవటం. మన కచేరీలో వయొలినూ మృదంగమూ ఒకరినొకరు చూసుకుంటూ వాయించటం తెలిసినవాడికి ఇదెందుకు కొత్త?

ఇంకో సంగతి తర్వాత తెలిసింది, ఆ రికార్డు పేరు కైండ్ ఆఫ్ బ్లూ, 1959లో న్యూయార్క్‌లో ఒకప్పుడు చర్చిగా ఉన్న స్టూడియోలో రెండు రోజుల్లో తీశారు, మార్చి 2న, ఏప్రిల్ 22న. మార్చి 2న వాడిన టేపు మెషీను కాస్త నెమ్మదిగా తిరిగిందట, అందుకని మామూలు స్పీడులో వేసేసరికి మొదటి వైపు పాటలు మూడూ శ్రుతి కొంచెం పైకెక్కి వచ్చాయి. 1992లో సరిచేసి వేసేదాకా ప్రపంచమంతా అలాగే విన్నది. అంత పెద్ద స్టూడియోలో జరిగిన పొరపాటు గురించి చదివాక స్పీడు సంగతి మీద నాకు ఇంకా పట్టుదల పెరిగింది.

జాజ్ డబ్బున్నోళ్ల మోజు అన్నారు కదా. ఆ అట్టపెట్టెలో సగం రికార్డుల చివర్న, లేబుల్ పక్కన పాట లేని నల్లటి చోట, ఆర్‌వీజీ అని మూడక్షరాలు చెక్కి ఉన్నాయి, భూతద్దం పెట్టి చూశాను. రూడీ వాన్ గెల్డర్ అనే ఆయన గుర్తు అది. ఆయన పగలు కళ్లద్దాల డాక్టరు, సాయంత్రాలు న్యూజెర్సీలో హాకెన్‌సాక్ అనే ఊళ్లో వాళ్ల అమ్మానాన్నల ఇంటి ముందు గదిలో మైకులు పెట్టి రికార్డింగులు చేసేవాడు. బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల కంపెనీ పేరున్న రికార్డులు ఎన్నో ఆ ఇంటి హాల్లో పుట్టినవే. 1959లో దగ్గర్లోనే ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. మన తెలుగువాళ్లు వేలమంది ఉంటున్న ఎడిసన్ నుంచి గంట ప్రయాణం ఉంటుందేమో, కిందటేడు మళ్లీ వెళ్లినప్పుడు మా అమ్మాయి కారులో తీసుకెళ్తే రోడ్డు మీద నుంచే చూసి దణ్ణం పెట్టుకుని వచ్చాను. సాక్సాఫోన్ వాయించే జాన్ కోల్‌ట్రేన్ 1964 డిసెంబరులో తన పేరెన్నికగన్న రికార్డు చేసింది అక్కడే, ఆ మరుసటేడు పుట్టిన కొడుక్కి మన రవిశంకర్ గారి మీద గౌరవంతో రవి అని పేరు పెట్టుకున్నాడు.

అంత దూరం ఎందుకు, మన పెళ్లిళ్లలో బ్యాండు మేళం చూడండి, క్లారినెట్టు, ట్రంపెట్టు, డ్రమ్ము. అవి మిలటరీ బ్యాండ్ల నుంచి మన వీధుల్లోకి వచ్చాయి, న్యూ ఆర్లీన్స్‌లో కూడా జాజ్ పుట్టటంలో అలాంటి వీధి బ్యాండ్లకి పెద్ద పాత్ర ఉంది, అక్కడ కూడా శవయాత్రకీ పండక్కీ అవే వాయిద్యాలు. మా పాలకొల్లు కుర్రాడు మాండొలిన్ శ్రీనివాస్ 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్లో వాయించాడు, అప్పటికి పధ్నాలుగేళ్లు. కద్రి గోపాలనాథ్ గారు సాక్సాఫోన్ మీద త్యాగరాజ కీర్తన వాయిస్తే గుళ్లో కూర్చుని విన్నాం. అదే వాయిద్యం ఇంకొకడు వాయిస్తే విదేశీ మోజు ఎలా అవుతుంది?

ఇంకోటి కూడా అనిపిస్తుంది. 78 ప్లేటు ఒక వైపు మూడు మూడున్నర నిమిషాలు, అందులోనే అన్నీ కుక్కాలి, మన విద్వాంసులు రాగం ఎత్తుకుని ఎత్తుకోకుండానే కీర్తనలోకి దిగిపోయేవాళ్లు, అక్కడ జాజ్ వాళ్లదీ అదే అవస్థ. 1948లో కొలంబియా రికార్డుల కంపెనీ వాళ్లు ఎల్పీ తెచ్చాక ఒక వైపే ఇరవై నిమిషాలు దొరికింది, అప్పుడు సాక్సాఫోన్ ఆయన ఒక ఆలోచన మొదలుపెట్టి దాన్ని తిప్పి తిప్పి ఎక్కడికో తీసుకెళ్లి మళ్లీ ఇంటికి తేగలిగాడు. ఆ సంగీతం ఆ ఇరవై నిమిషాల కోసమే తయారైంది. ఫోన్లో సగం పాట విని మార్చేస్తే ఆయన ఇల్లు చేరకుండానే మనం లేచిపోయినట్టు.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలి అని నన్నడిగితే, మీ వ్యాసంలో చెప్పిన లక్షల రూపాయల వైర్ల మీద మాత్రం కాదు. ముందు ముల్లు మీద, అది వజ్రం అయినా వెయ్యి గంటల లోపే మార్చాలి, రోజుకో గంట వింటే రెండేళ్లు దాటాక అనుమానించాలి. తర్వాత కార్ట్రిడ్జ్ సరైన కోణంలో కూర్చుందా లేదా, దానికి ఒక కాగితం స్కేలు చాలు, ఖర్చు లేదు. రికార్డు బయట అంచు దగ్గర గాడి సెకనుకి యాభై సెంటీమీటర్లు పరిగెత్తితే చివరికొచ్చేసరికి ఇరవై దగ్గరే, అంత చిన్న చోట అదే పాట ఇరుక్కుని ఉంటుంది కాబట్టి కోణం తప్పితే ప్రతి వైపు చివరి పాట చిరిగినట్టు వినిపిస్తుంది, జనం రికార్డు పాడైందనుకుంటారు. ఇంకా ఫోనో ప్రీ యాంప్. రికార్డు చెక్కేటప్పుడు బేస్ తగ్గించి సన్న శబ్దాలు పెంచి చెక్కుతారు, 1954 నుంచి అందరికీ ఒకే లెక్క, ప్రీ యాంప్ దాన్ని తిరగేస్తుంది, అది లేకుండా సౌండ్ బారుకి నేరుగా కలిపితే దోమ పాడినట్టు ఉంటుంది. ఎర్త్ వైరు బిగించకపోతే హుమ్ అని ఒకటే రొద.

రికార్డులోనే ప్రాణం ఉంది డిజిటల్లో లేదు అని మీ వ్యాసంలో రాసిన మాట కూడా నేను ఒప్పుకోలేను. మొబైల్ ఫిడెలిటీ అని అమెరికాలో ఖరీదైన రికార్డులు వేసే కంపెనీ ఉంది, అవి పూర్తిగా టేపు నుంచే వచ్చాయని అందరూ నమ్మారు, మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని 2022లో బయటపడింది. అప్పటిదాకా ఏళ్ల తరబడి గొప్ప చెవులున్నవాళ్లంతా వాటిని మెచ్చుకుంటూనే విన్నారు. బాగా చేసింది బాగుంటుంది, అంతే నాకు తెలిసింది.

మా కాకినాడ గాలికి రికార్డులకి బూజు పడుతుంది, వానాకాలంలో అట్ట తీస్తే తెల్లగా చుక్కలు. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే కడిగి నీడన ఆరబెడతాను, ఎండలో పెడితే అప్పడంలా వంగిపోద్ది. లక్క ప్లేట్లకి మాత్రం స్పిరిట్ తగలనివ్వకూడదు, కరిగిపోతాయి.

జపాన్‌లో జాజ్ కిస్సా అని కాఫీ కొట్లు ఉన్నాయి, యొకోహామాలో చిగుసా అనేది 1933లో పెట్టారు. బయట దేశం నుంచొచ్చే రికార్డు కొనటం మామూలు మనిషి వల్ల అయ్యేది కాదు, ఒక కాఫీ డబ్బులిచ్చి కూర్చుంటే కొట్టాయన మంచి సెట్టు మీద వేసి వినిపించేవాడు, చాలా కొట్లలో మాట్లాడకూడదని రూలు. మన ఊళ్లలో పంచాయతీ రేడియో దగ్గర అరుగు మీద అందరూ చేరేవాళ్లు, నాకు అదే గుర్తొస్తుంది. ఊరికో లైబ్రరీలో ఒక గది, ఒక సరైన టర్న్‌టేబులు, వారానికో సాయంత్రం, ఇంటింటికీ సూట్‌కేసు ప్లేయర్ కంటే ఇది ఎంతో చవక, తాతల నాటి ప్లేట్లు కూడా సరైన ముల్లుతో అక్కడే వినొచ్చు. దాని గురించి మీలాంటి వాళ్లు రాస్తే ఎవరైనా ముందుకొస్తారు.

పక్కింటమ్మాయి ప్లేయర్ మూలన పెట్టేశాం. 78కి వేరే ముల్లు ఆర్డరిచ్చాను, మా టర్న్‌టేబులుకి ఆ స్పీడు లేదు కాబట్టి లేత్ కుర్రాడు ఇంకో పుల్లీ చేస్తానన్నాడు. ముత్తాతగారి పద్యాలు మిగిలున్నాయో లేదో అప్పుడు తెలుస్తుంది.

మీరు వచ్చే ఆదివారం చిన్న డబ్బా కట్టి రెండు ముక్కలు వేయండి చాలు. 78 ప్లేట్లని ఎల్పీ ముల్లుతో వేయొద్దని ఒకటి, ఎల్పీ మీద కాయితం ముక్క అంటించి మూడు నిమిషాలకి వంద చుట్లు వస్తున్నాయో లేదో లెక్కపెట్టుకోమని ఇంకొకటి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాకినాడ